స్పేసర్లు వేశాక స్టీరింగ్ వణుకు: నా పికప్‌కు పనిచేసిన పద్ధతి

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి రోడ్డెక్కి 70 దాటగానే మా హైలక్స్ స్టీరింగ్ వణికేది. ముందు చక్రాలకు స్పేసర్లు (చక్రం బయటికి జరగడానికి హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే మందపాటి లోహపు బిళ్లలు) వేయించినప్పటి నుంచే ఈ బాధ. బ్యాలెన్సింగ్ రెండుసార్లు, అలైన్‌మెంట్, టైర్ల మార్పిడి, అన్నీ దండగే.

చివరికి స్పేసర్ విప్పి వెర్నియర్‌తో కొలిచాను. హబ్ (చక్రం బిగించే భాగం) నడిమి ఉబ్బు 106.1 మి.మీ., దాని మీద కూర్చునే స్పేసర్ మధ్య రంధ్రం 110. ఆరు బోల్టులు ఉండే వలయం వ్యాసం 139.7 మి.మీ. సరిపోయింది కాబట్టి ఎక్కింది, కానీ చక్రం నడిమధ్యన కూర్చోలేదు.

హబ్‌కు బిగువుగా కూర్చునే 32 మి.మీ. స్పేసర్లు తెచ్చాను. ముందు హబ్ ముఖం మీది తుప్పును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకాను. పొర తుప్పున్నా స్పేసర్ వంకరగా కూర్చుంటుంది. తర్వాత నట్లన్నీ చేత్తో తిప్పాను. 12 మి.మీ. బోల్టుకు కనీసం ఎనిమిది చుట్లు పట్టాలి. పాత బోల్టుల కొనలు స్పేసర్ పైకి రాలేదని చూసుకున్నాను. మెకానిక్ నట్లు బిగించే గన్ తీస్తే "వద్దన్నా" అని ఆపి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచ్) మాన్యువల్‌లోని లెక్కకు ఎదురెదురుగా బిగించాం. చక్రానికీ అంతే.

వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం విప్పి, స్పేసర్‌ను హబ్‌కు పట్టి ఉంచే లోపలి నట్లు మళ్లీ చూశాను. రెండు కొద్దిగా కదిలాయి. దయచేసి ఈ పని మానకండి, లోపలి నట్లు బయటికి కనబడవు.

ఇప్పుడు వణుకు లేదు. మీ బండిలో కారణం బేరింగో బాల్ జాయింటో కావచ్చు, ముందు కొలవండి. బత్తాయి లోడు వేసే బండికైతే నేను స్పేసర్లే వద్దంటాను. బేరింగ్ మీద భారం పెరుగుతుంది.