బన్నులు రెండో రోజు కూడా మెత్తగా ఉండాలంటే

ఇంట్లో చేసిన డిన్నర్ రోల్స్ వేడి మీద బాగుంటాయి, తెల్లారేసరికి గట్టిపడి పొడిపొడిగా రాలుతాయి, నాకు చాలా రోజులు ఇదే బాధ. కొంచెం మైదాను ముందే ఉడికించి కలిపితే ఆ బాధ పోయింది.

20 గ్రాముల మైదా 100 మి.లీ. చల్లటి పాలలో ఉండల్లేకుండా కలిపి, సన్న మంట మీద తిప్పుతూ ఉంటే రెండు మూడు నిమిషాల్లో చిక్కటి గంజిలా అవుతుంది, గరిటె లాగితే గిన్నె అడుగున గీత నిలబడాలి, అంతే, దించేయండి. పూర్తిగా చల్లారాక 280 గ్రాముల మైదా, చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, రెండు పెద్ద చెంచాల చక్కెర, ముప్పావు చెంచా ఉప్పు, 90 మి.లీ. గోరువెచ్చని పాలు వేసి కలపండి. 40 గ్రాముల వెన్న చివర్లో. పిండి మొదట చేతికి బాగా అంటుకుంటుంది, దయచేసి పొడిపిండి చల్లకండి, పది పన్నెండు నిమిషాలు పిసికితే అదే దారికొస్తుంది.

రెట్టింపు పొంగాక తొమ్మిది ఉండలు చేసి, పక్కపక్కన పెట్టి, మళ్లీ ఉబ్బాక ఓవెన్‌లో 180 డిగ్రీల్లో 18-20 నిమిషాలు కాల్చండి. తీయగానే వెన్న రాసి పలుచటి గుడ్డ కప్పండి.

ఒక్క జాగ్రత్త: మా హన్మకొండ ఎండల్లో మే నెలలో పిండి గంట ఆగదు, అరగంటకే పొంగిపోతుంది. గడియారం చూసుకుంటూ వదిలేస్తే పులిసిన వాసనొచ్చి బన్నులు అణిగిపోతాయి. ఆ ఎండల్లో పిండి కలిపేటప్పుడు గోరువెచ్చని పాలకు బదులు చల్లటి పాలే పోయండి.