డిగ్రీ అయినంక దారి, నాలుగో పాఠం: అడగాల్సింది ఎవరిని?

పోయిన పాఠంలో, సలహా అడగదగ్గ మనుషుల పేర్లు పది రాయమన్నాను. రాశారు. రాసి ఊరుకోకుండా ఆ రాత్రే పదిమందికీ ఒకటే మెసేజ్ కొట్టారు. అది నేను చెప్పలేదు. ఇప్పుడేమో "ఒక్కరు కూడా జవాబియ్యలే సార్" అని నా మీద పడ్డారు. ఈసారి రెజ్యూమె చెబుదామనుకున్నాను, అది తర్వాత. ముందు ఈ గొడవ తేల్చుదాం.

మీ జాబితాలు చూశాను. కలెక్టరమ్మ ఉన్నది, అమెరికా మేనబావ ఉన్నాడు, యూట్యూబ్‌లో మాట్లాడే టాపర్ ఉన్నాడు. పెద్దవాళ్లే, కాదనను. కానీ మీకు కావాల్సింది మీకంటే రెండేళ్లో నాలుగేళ్లో ముందు అదే దారిన పోయిన మనిషి. కాళ్ల నొప్పులు ఇంకా తగ్గని మనిషి.

నా సంగతే చూడండి. డిగ్రీ చేతికొచ్చిన యేడు, మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన దగ్గరికి మిఠాయి డబ్బా పట్టుకొని పోయిన. "బీఎడ్ చెయ్యి బిడ్డా, నౌకరి ఎక్కడికి పోతది" అన్నాడు. ఆయన చదువుకున్న కాలానికి అది నిజమే. నేను బీఎడ్ చేసి బయటికొచ్చేసరికి డీఎస్సీ జాడే లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన సమాచారం పాతబడింది, అంతే. అప్పటి నుంచి మిఠాయి డబ్బా పట్టుకుపోవడం మానేసిన.

గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. 2022లో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులకు పడింది. ఆ అక్టోబర్‌లో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే అదీ హైకోర్టులో పోయింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. మూడుసార్లూ హాల్‌టికెట్ పట్టుకొని పోయిన అన్ననో అక్కనో ఒకరు మీ మండలంలోనే ఉంటారు. వాళ్లను "ఏ పుస్తకం చదవాలి" అని అడిగి వదిలేయకండి, ఆ జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. "రద్దయిన నెలల్లో రూమ్ కిరాయి ఎట్ల కట్టారు? ఇంట్ల ఏమని చెప్పారు? ఎప్పుడు మానేద్దామనిపించింది?" అని అడగండి. ఇవి ఏ కోచింగ్ సెంటరూ చెప్పదు.

ఎక్కడ దొరుకుతారంటే, మీ కాలేజీ పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులు, డిపార్ట్‌మెంట్‌లో అటెండరు, బీసీ స్టడీ సర్కిల్ లాంటి చోట్ల చదివి బయటపడినవాళ్లు. కేంద్రం 2015లో పెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు ఉచితం, కెరీర్ కౌన్సెలర్లూ ఉంటారు, చేసుకోండి. ఎవడన్నా "రిజిస్ట్రేషన్‌కి రెండు వేలు" అంటే అక్కడి నుంచి లేచి రండి. ఇక నా సొంత దారి ఒకటుంది: కాలేజీ దగ్గరి జిరాక్స్ షాపు. ఎవరు ఏ నోట్సు తీయించుకున్నారు, ఎవరికి ఎక్కడ వచ్చింది, ఎవరు మధ్యలో ఇంటికి పోయారు, ఆ షాపాయనకు తెలిసినంత ప్లేస్‌మెంట్ ఆఫీసుకు తెలియదు. హన్మకొండలో నేను సగం మందిని అట్లనే పట్టుకున్న.

ఇప్పుడు అసలు రోగం. మీరు పంపిన మెసేజీల్లో పదింట తొమ్మిది ఇట్ల ఉన్నాయి: "సార్ నమస్తే, నేను డిగ్రీ పూర్తి చేశాను, దయచేసి నన్ను గైడ్ చేయండి." ఈ "గైడ్ చేయండి" అన్న మాట చూస్తే నాకు ఒళ్లు మండుతది. దేంట్ల గైడ్ చేయాలి? ఆయన ఏం రాయాలి? మీ బతుకు మొత్తం తెచ్చి ఆయన ఒడిలో పెట్టారు. ఆయన మంచోడే, జవాబు రాద్దామనే అనుకుంటాడు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక "రేపు రాద్దాం" అనుకుంటాడు. ఆ రేపు రాదు. దీనికంటే ఘోరం "మీ కంపెనీలో ఏమన్న ఉంటే చూడన్నా". తన చేతిలో లేని పనికి లేదని చెప్పలేక ఆయన మీ ఫోనే ఎత్తడు. గొంతు మెసేజీలు పంపేవాళ్ల గురించి ఇక్కడ రాయను, రాస్తే పాఠం పాడైతది.

రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలిగిన ప్రశ్నే అడగాలి. భూపాలపల్లి పిల్లవాడొకడు, కెమిస్ట్రీలో ఎంఎస్సీ, హైదరాబాద్ ఫార్మా కంపెనీల వైపు పోదామని. మొదటి మెసేజ్ "గైడ్ చేయండి" రకమే. దాన్ని చింపించి ఇట్ల రాయించిన (ఇందులో క్యూసీ అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగం, హెచ్‌పీఎల్‌సీ అంటే అక్కడి పరీక్ష యంత్రం):

"అన్నా, నమస్తే. మన డిపార్ట్‌మెంటే, మీ తర్వాత మూడో బ్యాచ్. మీరు క్యూసీలో చేస్తున్నారని విన్న. ఒక్కటే అడుగుతున్న: చేరినంక హెచ్‌పీఎల్‌సీ మీద ఒంటరిగా పని చేయనియ్యడానికి ఎన్ని రోజులు పట్టింది? ఆలోపు నేను ఏం నేర్చుకుంటే మంచిది? వీలైతే ఆదివారం పది నిమిషాలు ఫోన్ చేస్త."

గంటలో ఫోన్ ఆయనే చేశాడట. పది నిమిషాలన్నది నలభై అయింది. షిఫ్టుల సంగతి, రూమ్ సంగతి, క్యూసీ నుంచి క్యూఏకి, అంటే నాణ్యత పద్ధతులు చూసే విభాగానికి, మారడం ఎంత కష్టమో అన్నీ చెప్పాడు. ఉద్యోగం మాట పిల్లవాడు ఎత్తలేదు. చివర్ల ఆయనే "నీ రెజ్యూమె పంపు, చూస్త" అన్నాడు.

మాట్లాడేటప్పుడు కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో రికార్డు చేయకండి. మిగతా మర్యాదలు మీకు తెలిసినవే.

అభ్యాసం: వచ్చే పాఠంలోపు ముగ్గురితో మాట్లాడాలి. ఒకరు ఆ పనిలో ఉన్నవాళ్లు, ఒకరు ఇంకా ప్రయత్నిస్తున్నవాళ్లు. మూడో మనిషి ఆ దారి విడిచిపెట్టి వచ్చినవాడు కావాలి, ఇది మాత్రం తప్పదు. దొరకడం కష్టమని తెలుసు, అందుకే ఇరవై రోజులిస్తున్న. ఒక్కొక్కరి దగ్గర ఎనిమిది ప్రశ్నలు, జవాబులు చేతిరాతతో.

ఆ, మరిచిపోయిన. మొన్న "గైడ్ చేయండి" పంపిన పదిమందికీ అప్పుడే రెండోది పంపకండి. వారం ఆగి, ఒక్క ప్రశ్నతో పంపండి. కలెక్టరమ్మను వదిలేయండి.