తాతగారి పాత తుపాకీ చేతికొస్తే: గుర్తించడం ఎలా, బాగు చేసుకోవడం ఎలా?

కోనసీమలో మా తాతగారి మండువా లోగిలి ఖాళీ చేస్తున్నప్పుడు అటక మీద గోనెపట్టాలో చుట్టిన రెండు గొట్టాల తుపాకీ కనిపించింది. 1986 వరదకి ఇంట్లోకి నీళ్లొస్తే పైకెక్కించారట, మళ్లీ ఎవరూ దింపలేదు. డెల్టాలో పాత ఇళ్లున్న చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ పరిస్థితి వస్తుంది. అప్పుడు తొందరపడి చేసే పనులే వస్తువుని పాడుచేస్తాయి, మనల్ని కేసుల్లో పడేస్తాయి. అందుకే వరసగా చెప్తున్నాను.

ముందు అందులో తూటా ఉందనే అనుకోండి

గొట్టం మనుషుల వైపు తిప్పకండి, ట్రిగ్గర్ జోలికి వెళ్లకండి. పిల్లల్ని గదిలోంచి పంపేయండి. తుప్పుతో బిగుసుకుపోయి తెరుచుకోకపోతే బలవంతం చేయొద్దు. మూతి వైపు నుంచి మందు కూరే రకం అయితే అసలు కదపొద్దు. అందులో మందు దశాబ్దాల తర్వాత కూడా అంటుకోగలదు. పక్కన పాత తూటాలుంటే వాటికీ ఇదే జాగ్రత్త. చట్టం దృష్టిలో అవీ లెక్కలోకి వస్తాయి.

తర్వాత స్టేషన్‌కి ఫోన్

తుపాకీని సంచిలో పెట్టుకుని బండి మీద బయల్దేరకండి. ముందు ఫోన్ చేయండి. నేను "తాతగారి తుపాకీ అండి, లైసెన్సు పుస్తకం కూడా ఉందండి, ఎలా తీసుకురమ్మంటారు?" అని అడిగితే వాళ్లే ఇంటికి మనిషిని పంపారు.

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. "వందేళ్లదండి, తుప్పు పట్టిందండి" అంటే సరిపోదు. మరమ్మతు చేసినా కూడా ఇక పేలదు అన్న స్థితిలో ఉన్న పాత ఆయుధానికే 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. మన ఇళ్లలో దొరికేవాటిలో చాలావరకు ఆ కోవలోకి రావు. లైసెన్సుదారు చనిపోతే ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలని 21వ సెక్షన్ చెబుతుంది. రసీదు తప్పకుండా తీసుకోండి. ఏళ్ల తరబడి ఆలస్యమైపోయి ఉంటే ముందు ఒక లాయరుతో మాట్లాడండి.

2016 ఆయుధాల నియమాల్లో వారసులకు లైసెన్సు ఇచ్చే వీలుంది. మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం సిద్ధం చేసుకోండి. పాత పుస్తకం మీద తూర్పు గోదావరి అని ఉన్నా, 2022లో జిల్లాలు విడిపోయాయి కదా, మీరు ఇప్పుడు ఉంటున్న జిల్లా కలెక్టరేట్‌కే దరఖాస్తు పెట్టాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి కుదరదు, వారసత్వంగా వచ్చినవీ అందులో లెక్కే.

లైసెన్సు మీ పేరు మీదకి వచ్చాకే శుభ్రం చేసే పని మొదలుపెట్టండి.

ఏ తుపాకీయో తెలుసుకోవడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. గొట్టాల మధ్య పట్టీ మీద పేరుంటుంది. "మాంటన్ అండ్ కో, కలకత్తా" అనో, "పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్" అనో ఉంటే అది తయారుచేసినవాళ్ల పేరు కాకపోవచ్చు, అమ్మిన షాపు పేరు కావచ్చు. అసలు చరిత్ర అడుగున ఉంటుంది. గొట్టాలని పిడి నుంచి విడదీసి బోర్లించి, తూటా పెట్టే చోటికి కింద చదునుగా ఉన్న భాగం చూడండి. ఫోన్ టార్చి నేరుగా వేస్తే ఏమీ కనపడదు. లైటుని ఉపరితలానికి ఆనించినట్టుగా పక్కనుంచి వేయండి. నున్నగా కనిపించిన ఇనుము మీద చిన్న కిరీటం, దాని కింద అక్షరాలు తేలతాయి. గొట్టం బలం పరీక్షించాక వేసిన ముద్రలివి. ఫోటో తీసి పెద్దది చేసి చదువుకోండి.

కిరీటం కింద బీపీ, బీవీ అని ఉంటే 1904 తర్వాత ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినది. కిరీటం కింద రెండు రాజదండాలు అడ్డంగా దాటుతూ ఉంటే అంతకు ముందుది. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ అని ఉంటే బెల్జియంలోని లీజ్ నగరానిది. దాని మీద కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతది. ఇంగ్లీషు కంపెనీని పోలిన పేరు పైన, లీజ్ ముద్ర కింద ఉన్న తుపాకులు చాలానే ఉన్నాయి. అలాంటప్పుడు ముద్రనే నమ్మండి.

డైమండ్ గుర్తులో 12 అని ఉంటే ట్వెల్వ్ బోర్. ఆ గొట్టంలో పట్టే సైజు సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు బరువు, లెక్క అలా వచ్చింది. గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు.

గొట్టం మీద, సముద్రపు పోటు తగ్గాక ఇసుకలో మిగిలే అలల గీతల్లాంటివి కనిపిస్తే అది డమాస్కస్ రకం. ఇనుము, ఉక్కు పట్టీలు మెలితిప్పి అతికించి చేసింది. ఆ అతుకుల్లో తుప్పు లోపల్లోపలే తినేస్తుంది, పైకి తెలియదు. వీటిలో ఎక్కువ భాగం పాతకాలపు నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) వాడిన కాలానివి. పాతవాటి తూటా గది చాలావాటిలో రెండున్నర అంగుళాలే, ఇప్పటి తూటాలు రెండుంముప్పావు. కాబట్టి ఏ పాత తుపాకీనైనా "ఒక్కసారి పేల్చి చూద్దాం" అనొద్దు. ప్రాణం పోతుంది. కొల్లేరు బాతుల వేట మాట ఎవరైనా ఎత్తితే, 1972 వన్యప్రాణి చట్టం కింద ఇప్పుడది నేరం, ముగిసిన కథ అని చెప్పండి.

శుభ్రం చేయడం

మా పెదనాన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతూ ఇంకో తుపాకీని సాండ్ పేపరుతో తళతళలాడేలా రుద్దారు. దాని మీద పేరు, చెక్కిన పువ్వులు, ముద్రలు అన్నీ పోయాయి. అది ఎవరిదో ఎప్పటిదో ఇప్పుడు చెప్పలేం. ఆ బాధతోనే చెప్తున్నాను: సాండ్ పేపరు, వైరు బ్రష్, తుప్పు వదిలించే యాసిడ్ దగ్గరికి రానివ్వకండి.

పల్చటి మెషిన్ ఆయిలు రాసి రెండు రోజులు వదిలేయండి. మెత్తబడిన ఎర్ర తుప్పుని రాగి రేకు అంచుతో నెమ్మదిగా గీకండి. రాగి మెత్తన కాబట్టి ఉక్కుని గాయం చేయదు. నూలు గుడ్డతో తుడిచి మళ్లీ నూనె. గోధుమ రంగు పాత ఛాయ మిగిలితే మిగలనివ్వండి, దాని వయసు అదే. కొబ్బరి నూనె వాడొద్దు, కొన్నాళ్లకి జిగురై దుమ్ము పట్టేస్తుంది. లోపలి యంత్రం, స్ప్రింగులు, గొట్టం మరమ్మతు లైసెన్సున్న మరమ్మతుదారుడికే ఇవ్వాలి.

చెక్క పిడి సాధారణంగా వాల్‌నట్. సొట్ట పడ్డ చోట తడి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె క్షణం ఆనించండి, ఆవిరికి నొక్కుకుపోయిన నార ఉబ్బి పైకి లేస్తుంది. గీతలు చెక్కిన పట్టు భాగంలో మాత్రం ఇది చేయకండి. తడి పూర్తిగా ఆరాక అవిసె నూనె రెండు మూడు చుక్కలు అరచేతిలో వేసుకుని వేడి పుట్టేదాకా రుద్దాలి. రోజుకో పూత, నాలుగైదు పూతలు. మన దగ్గర వానల్లో ఇది ఆరదు, మాఘమాసంలో పెట్టుకోండి. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి బయట పారేయాలి.

దాచడం

ఉప్పుగాలి మన శత్రువు. తోలు సంచిలోనో గుడ్డలోనో చుట్టి పెడితే తేమ పట్టుకుని కూర్చుంటుంది. తాళం వేసిన బీరువాలో, మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి, గొట్టంలో నూనె కారి చెక్కలోకి దిగకుండా ఉంటుంది. పక్కన సిలికా జెల్ సంచులు పెట్టి, శ్రావణం నుంచి కార్తీకం దాకా నెలకోసారి తీసి తుడవండి. ముట్టుకున్న చోటల్లా వేలిముద్రలు తుడిచేయండి, చెమటలో ఉప్పుంటుంది. ముద్రల ఫోటోలు, నంబరు, మీరు ఏం చేశారో ఏం చేయలేదో ఒక కాగితం మీద రాసి లైసెన్సుతో కలిపి పెట్టండి. మా తాతగారి పుస్తకంలో ఆఖరి పేజీలో ఆయన చేతిరాతతో "నూనె రాసితిని" అని, దాని పక్కన తేదీ ఉంది.