మసకబారని జింక్ ఆక్సైడ్ పొర కోసం

శ్రావణం వచ్చిందంటే మా బరంపురంలో అప్పడాలు మెత్తబడతాయి, ద్రావణంతో నా గాజు పలకల మీద పూసే పలుచని, పారదర్శకమైన జింక్ ఆక్సైడ్ పొరలు మసకబారతాయి. రెండింటికీ గోపాల్‌పూర్ సముద్రతీరం వైపు నుంచి వచ్చే తడిగాలే కారణమనుకుని రెండేళ్లు దాన్నే తిట్టుకున్నాను. సగం తప్పు నాదే.

10 మిల్లీలీటర్ల 2-మెథాక్సీ ఇథనాల్ ద్రావకంలో 1.1 గ్రాముల జింక్ ఎసిటేట్ డైహైడ్రేట్, జింక్‌ను కరిగిన స్థితిలో నిలిపే మోనోఇథనాలమైన్ 0.3 మిల్లీలీటర్లు వేసి 60 డిగ్రీల వద్ద గంటసేపు కలపండి. ఆ ద్రావకపు ఆవిరి విషం, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో తప్ప మూత తీయకండి. ఒకరోజు నిలవ ఉంచి, ఏసీ గదిలో గాజు మీద చుక్కలు వేసి, పలకను నిమిషానికి 3000 చుట్ల వేగంతో అర నిమిషం తిప్పండి.

ఇక ఆరబెట్టడం. నేను పలకను 120 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పెట్టి, పొడిగా కనబడగానే కొలిమిలోకి తోసేవాణ్ణి. మోనోఇథనాలమైన్ మరిగేది 170 డిగ్రీల దగ్గర. అది పొరలోనే దాక్కుని, కొలిమిలో ఒక్కసారిగా బయటపడుతూ సూదులతో గుచ్చినట్టు రంధ్రాలు చేసేది; పొర మసకబారేది అందుకే. ఇప్పుడు 300 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పది నిమిషాలు ఉంచుతున్నాను. ద్రావకం పోతుంది, ఎసిటేట్ విడిపోతుంది, గాజు మీద స్ఫటిక బీజాలు నిలదొక్కుకుంటాయి. ఒకే మందపాటి పూత వేస్తే పగుళ్లు తప్పవు. ఇలా ఆరేడు పలుచని పూతలు వేయండి, ప్రతిదాన్నీ ఆరబెట్టాకే తరువాతిది.

చివరగా కొలిమిలో 500 డిగ్రీలు, గంటసేపు. ఇక్కడ పెద్ద స్ఫటిక రేణువులు చిన్నవాటిని మింగి ఎదుగుతాయి. మా దగ్గరి హుమా ఉప్పుమడుల్లో నీరు నెమ్మదిగా ఆవిరైతే బీజాలు తక్కువై కళ్లుప్పు, తొందరగా ఆవిరైతే బీజాలు ఎక్కువై సన్నుప్పు వస్తుంది. బీజాలు తక్కువైతే గింజ పెద్దదవుతుందన్న లెక్క ఇక్కడా అంతే. 550 దాటితే మామూలు గాజు మెత్తబడుతుంది, ఆశపడకండి. కొలిమి తనంతట తాను చల్లారేదాకా తలుపు తెరవకండి.

స్ఫటికాలు ఎక్స్-కిరణాలను ఏ కోణాల్లో బలంగా చెదరగొడతాయో చూపే ఎక్స్-రే వివర్తన గ్రాఫ్‌లో 34.4 డిగ్రీల కోణం దగ్గరి శిఖరం 31.8, 36.3 దగ్గరి వాటికన్నా బాగా ఎత్తుగా ఉంటే రేణువులు గాజు మీద నిటారుగా నిలబడ్డట్టే. లేకపోతే కొలిమిని అనుమానించే ముందు హాట్‌ప్లేట్ మీద, ఉష్ణోగ్రత కొలిచే తీగ అయిన థర్మోకపుల్ ఆనించి చూడండి. నాది 300 అని చూపిస్తూ 260 దగ్గరే ఆగిపోయేది.