ఇంటర్‌డిసిప్లినరీ ప్రపోజల్ రాసేముందు ఒక ఖాళీ టేబుల్ గీయండి

రెండు మూడు సబ్జెక్టులు కలిపి చేసే (ఇంటర్‌డిసిప్లినరీ) పరిశోధన కోసం మీరు రాసుకున్న ప్రపోజల్ డ్రాఫ్ట్ తీసి, అందులో ఒక సబ్జెక్టుకి సంబంధించిన వాక్యాలన్నీ పెన్సిల్‌తో కొట్టేసి చూడండి. మిగిలినదాంతోనే మీ ప్రశ్నకి జవాబు వచ్చేస్తుందంటే ఆ సబ్జెక్టు అక్కడ ఊరికే ఉన్నట్టు. ప్రపోజల్‌ని పరిశీలించే కమిటీలో కూర్చున్నవాళ్లు ముందు పట్టుకునేది కూడా అదే. మనలో చాలామంది సొంత సబ్జెక్టులో ఒక టాపిక్ తీసుకుని, చివర్లో "సామాజిక ప్రభావం" అంటూ ఒక చాప్టర్ అతికించి, దానికే ఇంటర్‌డిసిప్లినరీ అని పేరు పెట్టేస్తాం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఊళ్లలో షుగర్, బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి, కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఇలా అన్నింటి మీదా అనుమానం ఉంది. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. ఏ ఒక్క డిపార్ట్‌మెంటూ ఒంటరిగా తేల్చే విషయం కాదిది.

అలాగని "ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోంది" అని టైటిల్ పెడితే అది ఒక జీవితకాలం పని. దాన్ని చిన్నది చేయాలి, కానీ చిన్నది చేసేటప్పుడు సబ్జెక్టుల మధ్య ముడి తెగకూడదు. ఉదాహరణకి: వేసవిలో జీడి తోటల్లో పనిచేసే ఆడవాళ్లు పని గంటల్లో ఏ నీళ్లు, ఎన్ని తాగుతున్నారు, తక్కువ తాగుతుంటే ఎందుకు? ఆ నీళ్లలో ఏముందో కెమిస్ట్రీ చెప్పాలి. ఆ ఎండకి ఒంట్లోంచి ఎంత నీరు పోతుందో ఫిజియాలజీ చెప్పాలి. తోటలో మూత్రానికి వెళ్లడానికి మరుగు లేదని పొద్దున్నుంచీ దాహం బిగబట్టుకుంటున్నారా, బోరు నీళ్ల రుచి నచ్చకనా అన్నది వాళ్లతో కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది. మూడింట్లో ఏది తీసేసినా ప్రశ్న కూలిపోతుంది, మీకు కావలసింది అలాంటిదే.

ప్రశ్న కుదిరాక వెంటనే మెథడాలజీ రాయకండి. ముందు ఒక తెల్ల కాగితం మీద మీ ప్రాజెక్టు చివర్లో రాబోయే టేబుల్‌ని ఖాళీగా గీయండి, అంకెలేమీ వద్దు, కాలమ్ పేర్లు చాలు. ఇందులో ఒక్క వరుస అంటే ఏమిటి? ఒక ఊరా, ఒక ఇల్లా, ఒక మనిషా, ఒక మనిషి ఒక రోజా? నా మొదటి జాయింట్ ప్రాజెక్టులో మేము ఈ ప్రశ్న వేసుకోలేదు. నేను బావుల లెక్కన నీళ్లు పట్టుకొచ్చాను, సోషియాలజీ ఫ్రెండ్ ఇళ్ల లెక్కన సర్వే చేసింది, ఏ ఇంటివాళ్లు ఏ బావి నీళ్లు తాగుతారో ఇద్దరం రాసుకోలేదు. రెండు మంచి ఎక్సెల్ షీట్లు మిగిలాయి, వాటిని కలిపే కాలమ్ ఒక్కటీ లేదు. ఇప్పటికీ ఆ ఇళ్లవాళ్లు మాకోసం వెచ్చించిన గంటలు తలుచుకుంటే బాధేస్తుంది. అందుకే సీసా మీద కోడ్, సర్వే ఫారం మీద కోడ్ ఒకటే ఉండాలని ప్రపోజల్‌లోనే రాసేయండి.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. "శాంపిల్" అంటే కెమిస్ట్రీవాళ్లకి సీసాలో నీళ్లు, స్టాటిస్టిక్స్‌వాళ్లకి ఎంచుకున్న మనుషులు. "క్రానిక్" అని మనం మామూలుగా వాడేస్తాం గానీ నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) దృష్టిలో కిడ్నీ లోపం మూడు నెలలకి పైగా నిలిచి ఉంటేనే అది క్రానిక్. అంటే ఒక్కసారి వెళ్లి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూసొచ్చి "ఇంతమందికి క్రానిక్ కిడ్నీ జబ్బు ఉంది" అని రాస్తే ఆ వాక్యం నిలబడదు. అందరూ కలిసి కూర్చుని ఇలాంటి పది పదిహేను మాటలకి అర్థాలు రాసుకుంటే ఒక సాయంత్రం సరిపోతుంది.

తర్వాత రెండు రోజులు ఫీల్డ్‌కి వెళ్లి చూసి రండి, డేటా కోసం కాదు, మీ పద్ధతి అక్కడ పనిచేస్తుందో లేదో చూడడానికి. "ఎన్ని లీటర్లు తాగారు" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు కాబట్టి బాటిల్‌ని పొద్దున, సాయంత్రం తూకం వేద్దామనుకుంటాం. అక్కడికి వెళ్తే చెట్టు నీడన ఒక బిందె, ఒక గ్లాసు, నలుగురు. మనిషికో బాటిల్ ఇస్తే, చేతిలో బాటిల్ ఉంది కదా అని ఎక్కువ తాగుతారు. అప్పుడు మీరు కొలుస్తున్నది మీరిచ్చిన బాటిల్ ప్రభావాన్ని. అదే గ్లాసుతో ఎవరు ఎన్నిసార్లు తాగారో దూరంగా కూర్చుని లెక్కపెట్టడం మేలేమో. ఇలాంటివి లైబ్రరీలో తట్టవు.

టైమ్‌టేబుల్‌ని వెనక నుంచి లెక్కేయండి. జీడి పిక్కల సీజన్ మార్చి నుంచి మే దాకా. రక్తం తీయకపోయినా మనుషుల ఆరోగ్యం గురించి అడుగుతున్నారు కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి. ఆ కమిటీ మన తొందర చూసి కూర్చోదు, పైగా ఒకసారి సవరణలు అడిగి తిప్పి పంపడం మామూలే. నవంబరుకల్లా అప్లికేషన్ వెళ్లకపోతే ఏడాది పోయినట్టే. కన్సెంట్ ఫారం (పాల్గొనేవాళ్ల అంగీకార పత్రం) తెలుగులో, చదివి వినిపిస్తే అర్థమయ్యేలా రాయండి. ఇంగ్లీషు ఫారాన్ని మక్కీకి మక్కీ దించితే అది ఎవరికీ అర్థం కాదు.

కో-గైడ్ (అవతలి సబ్జెక్టు నుంచి తీసుకునే రెండో గైడ్) విషయం చిన్నదే గానీ చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. అవతలి డిపార్ట్‌మెంట్ మేడమ్ "సరే చూద్దాంలే" అంటే అది ఒప్పుకున్నట్టు కాదు. ఒక పేజీ నోట్ పట్టుకెళ్లి "మేడమ్, ఇందులో మీ సబ్జెక్టు పరంగా తప్పేముంది?" అని అడగండి. ఆవిడ పెన్ను తీసి దిద్దడం మొదలుపెడితే పని అయినట్టే, అప్పుడు ఒప్పుకున్నట్టు లెటర్ అడగండి. సినాప్సిస్‌లో పేరు వేసేది ఆ తర్వాతే. ఏ పేపర్లో ఎవరి పేరు ముందుండాలో కూడా అప్పుడే మాట్లాడుకోండి.

బడ్జెట్‌లో ల్యాబ్ చార్జీలు అందరూ వేస్తారు, మర్చిపోయేవి చిన్నచిన్నవి. లోహాల పరీక్షకి తీసే నీళ్లలో నైట్రిక్ యాసిడ్ చుక్కలు కలపాలి, ఫ్లోరైడ్‌కి విడిగా ప్లాస్టిక్ సీసా కావాలి, అంటే ఒక్కో చోట రెండేసి సీసాలు. ఇంటర్వ్యూలు రాసిపెట్టడానికి ఎవరికైనా డబ్బివ్వాలి. ఇంకొక ప్రయాణం ఖర్చు కూడా వేయండి. ఉద్దానంలో రక్తం, నీళ్లు తీసుకెళ్లిన బృందాలు ఇప్పటికే చాలా ఉన్నాయి, మళ్లీ ఇంకొకరు సీసాలతో వస్తే "మా రిపోర్టు ఏమైంది బాబూ" అని అడిగే హక్కు వాళ్లకుంది. పని అయ్యాక ఏ బోరు నీళ్లలో ఏముందో తెలుగులో రాసిన కాగితం ఇంటింటికీ తీసుకెళ్లి ఇవ్వడానికి ఇద్దరికి రైలు టికెట్లు, మూడు రోజుల బస, ఆటో చార్జీలు. ఆ లైన్ ప్రపోజల్‌లో ఉంటేనే డబ్బు మంజూరవుతుంది.