సి కోడ్‌లో వార్నింగులు: ఏది దేనివల్ల వస్తుంది, ఎలా సరిచేయాలి

కర్నూలు మార్కెట్ యార్డుకి వచ్చిన ఉల్లి సంచుల తూకాలు తీసుకుని సగటు చెప్పే ప్రోగ్రాం ఉందనుకోండి. కంపైల్ అయింది, రన్ అయింది, సగటు మాత్రం తలాతోకా లేని అంకె. కోడ్ తిరగేసే ముందు జీసీసీకి (సి కంపైలర్) -డబ్ల్యూఆల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా, -ఓ2 మూడూ ఇచ్చి మళ్లీ కంపైల్ చేయండి. మొదటి రెండూ వార్నింగులు ఎక్కువ చూపించడానికి. విలువ పెట్టకుండా వాడిన వేరియబుల్స్‌లో కొన్నింటిని ఆప్టిమైజేషన్ ఉంటేనే కంపైలర్ పసిగడుతుంది, -ఓ2 అందుకే. ఎన్ని వార్నింగులొచ్చినా పైనున్నది సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. కిందివి కొన్ని దాంతోపాటే పోతాయి.

"ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్"

లక్షణం: సగటు చెత్త అంకెగా వస్తుంది.

కారణం: సగటు కట్టే ఫంక్షన్ వేరే ఫైల్లో ఉంది, డబుల్ (దశాంశ సంఖ్య) రిటర్న్ చేస్తుంది. పిలిచే ఫైల్లో ప్రోటోటైప్ (ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే లైను) లేదు కాబట్టి అది ఇంట్ (పూర్ణ సంఖ్య) ఇస్తుందని కంపైలర్ ఊహించుకుంటుంది. మన 64 బిట్ పీసీల్లో ఇంట్ ఒక రిజిస్టర్‌లో, డబుల్ ఇంకో రిజిస్టర్‌లో వస్తాయి. జవాబు ఒకచోట ఉంటే ప్రోగ్రాం ఇంకోచోట వెతుకుతుంది.

పరిష్కారం: ప్రోటోటైప్‌ని హెడర్ ఫైల్లో పెట్టి, ఫంక్షన్‌ని పిలిచే ఫైల్లోనూ, రాసిన ఫైల్లోనూ ఇన్‌క్లూడ్ చేయండి. రాసిన ఫైల్లో చాలామంది వదిలేస్తారు. అక్కడా ఉంటేనే ప్రోటోటైప్‌కీ ఫంక్షన్‌కీ తేడా వచ్చినప్పుడు కంపైలర్ పట్టిస్తుంది. సి99 (1999 నాటి సి ప్రమాణం) లోనే ఈ ఊహని భాషలోంచి తీసేశారు. 2024 లో వచ్చిన జీసీసీ 14 నుంచి ఇది ఏకంగా ఎర్రర్. కాలేజీ ల్యాబులో నడిచిన ప్రోగ్రాం ఇంట్లో కొత్త లైనక్స్ మీద ఆగిపోతే ముందు ఇది చూడండి.

"ఫార్మాట్ ఎక్స్‌పెక్ట్స్ ఆర్గ్యుమెంట్ ఆఫ్ టైప్..."

తూకం 52.5 అని కొడితే 0.00 చూపిస్తుంది. వేరియబుల్ డబుల్, స్కాన్ఎఫ్‌లో రాసింది %ఎఫ్. అది ఫ్లోట్ అనుకుని 8 బైట్లలో 4 మాత్రమే నింపుతుంది. %ఎల్ఎఫ్ రాయండి. ప్రింట్ఎఫ్‌లో డబుల్‌కి %ఎఫ్ చాలు కాబట్టే ఇక్కడ తికమక. సైజాఫ్ విలువని ప్రింట్ చేయడానికి %జెడ్‌యు. స్కాన్ఎఫ్‌లో & మర్చిపోయినా ఇదే వార్నింగ్; పట్టించుకోకపోతే సాధారణంగా సెగ్మెంటేషన్ ఫాల్టే (తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రాం ఆగిపోవడం).

"సజెస్ట్ పేరెంథసెస్ అరౌండ్ అసైన్‌మెంట్"

ఇఫ్‌లో == బదులు = పడింది. కంపైలర్ చెప్పినట్టు ఇంకో జత బ్రాకెట్లు పెడితే వార్నింగ్ పోతుంది, తప్పు అలాగే ఉంటుంది. ఇంకో = చేర్చండి.

"ఆల్వేస్ ట్రూ"

చివరి సంచి నుంచి మొదటిదాకా వెనక్కి నడిచే లూప్ ఆగదు. లూప్ లెక్కపెట్టే ఐ అన్‌సైన్డ్ (మైనస్ విలువలు పట్టని రకం) కదా, సున్నా తర్వాత మైనస్ ఒకటి కాదు, అతిపెద్ద సంఖ్య అవుతుంది; ఐ >= 0 ఎప్పుడూ నిజమే. ఐని ఇంట్ చేయండి, లేదా ఎన్ (సంచుల సంఖ్య) దగ్గర మొదలుపెట్టి షరతుగా ఐ-- > 0 రాసి, ఫర్ లూప్ మూడో భాగం ఖాళీగా వదలండి.

టర్బో సి (పాత కంపైలర్) అలవాటుతో వాయిడ్ మెయిన్ రాస్తే వచ్చే వార్నింగ్‌కి ఇంట్ మెయిన్ రాస్తే సరి. వాడని వేరియబుల్ ఉంటే తీసేయండి, కానీ ముందు పేరు చూడండి: ఇంకో వేరియబుల్ వాడాల్సిన చోట ఇది మిగిలిపోయిందేమో.

టైపుల వార్నింగ్ రాగానే క్యాస్ట్ (టైపుని బలవంతంగా మార్చే రాత) తగిలించి నోరు మూయించడం మాత్రం వద్దు. పాయింటర్ల విషయంలో అయితే అసలే వద్దు. వార్నింగులని ఎర్రర్లుగా మార్చే -డబ్ల్యూఎర్రర్ మీ మెషీన్‌లో పెట్టుకోండి, ఇతరులకిచ్చే మేక్‌ఫైల్‌లో (ప్రోగ్రాంని ఎలా కంపైల్ చేయాలో చెప్పే ఫైల్) వద్దు. వాళ్ల కంపైలర్ వెర్షన్ వేరైతే కొత్త వార్నింగ్ ఒక్కటి చాలు, బిల్డ్ ఆగిపోవడానికి.