మ్యాజిక్ (మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట) టోర్నీ నడిపేవాళ్లు మొదలెట్టే ముందు జాగ్రత్తలు

- డెక్ లిస్టులు (ఎవరి కట్టలో ఏ కార్డులున్నాయో రాసిన జాబితాలు) ముందే తీసుకోండి. స్టాండర్డ్ (ఇటీవలి సెట్ల కార్డులతోనే ఆడే పద్ధతి) అయితే కనీసం 60 కార్డులు, సైడ్‌బోర్డు (గేముల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) 15కు మించకూడదు. బేసిక్ ల్యాండ్లు (మానా ఇచ్చే, అంటే కార్డులు ఆడే శక్తినిచ్చే మామూలు నేల కార్డులు) తప్ప ఒకే కార్డు 4కు మించొద్దు.
- స్లీవుల (కార్డు తొడుగుల) వెనక వైపు చూడండి. మూల మడత పడినా కార్డుకు గుర్తు పెట్టినట్టే.
- రౌండుకు 50 నిమిషాలు. గడియారం అందరికీ కనబడాలి.
- చిక్కు ప్రశ్న వస్తే ఆట ఆపించి ఇద్దరి మాటా వినండి. పాత కార్డు మీద అచ్చయిన మాట మారిపోయి ఉండొచ్చు. గ్యాదరర్‌లోని (ఆట అధికారిక కార్డుల వెబ్‌సైట్) ఒరాకిల్ పాఠమే (కార్డుకు ఇప్పుడు చెల్లే అధికారిక మాట) చెల్లుతుంది, ఫోన్లో తెరిచి ఉంచుకోండి. ఇద్దరి ట్రిగ్గర్లూ (ఏదైనా జరిగినప్పుడు వాటంతటవే పనిచేసే కార్డు ప్రభావాలు) ఒకేసారి వస్తే టర్ను ఎవరిదో వాళ్లవి ముందు స్టాక్‌లోకి (ప్రభావాలు జరగడానికి వేచి ఉండే వరుస) వెళ్తాయి. అందులో చివర చేరిందే ముందు జరుగుతుంది, అంటే ఎదుటివాళ్లవే ముందు జరుగుతాయి. (ఇక్కడ నేనూ తడబడ్డాను.)
- మీరూ ఆడుతుంటే మీ మ్యాచ్‌కి తీర్పు వేరొకరికి అప్పగించండి.